నలభై ఒక్క పాటలూ, ఒక నీలిరంగు తీగా

నా జీవితంలో నేను పాడుచేయబోయిన పెళ్లి ఒక్కటే. అదీ నాది కాదు. పెళ్లికి సరిగ్గా వారం ముందు, ఎడం చేతిలో పెసరట్టు ముక్క పట్టుకుని, కుడి చేత్తో ఒకే ఒక్క బటన్ నొక్కి ఆ ఘనకార్యం చేశాను. ఇంతటి ప్రతిభ మా వంశంలో ఇంకెవరికీ లేదు. మా మేనమామ ఒకసారి పెళ్లివారి బస్సును వేరే ఊరికి తీసుకెళ్లాడు గానీ, అదైనా భోజనాల వేళకి తిరిగొచ్చింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై నాలుగు. తణుకు నుంచి వచ్చి గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా చేరి ఏడాదైంది. ఢిల్లీ ద్వారకలో ఒక అపార్టుమెంట్ల సొసైటీలో, రెండో అంతస్తులో, మరో ఇద్దరమ్మాయిలతో కలిసి అద్దెకుండేదాన్ని. లిఫ్టులో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా?" అని అడగడమే ఆలస్యం, "నెట్‌వర్క్ ఇంజనీర్" అని రెండు అంతస్తులకి సరిపడా గట్టిగా చెప్పేదాన్ని. నిజానికి ఆఫీసులో నా పనల్లా ఎక్కడో పరాయి దేశంలో ఉన్న పెట్టెలకి ఇక్కడినుంచి ఆజ్ఞలు పంపడం. నెట్‌వర్క్ తీగ అనేదాన్ని చేత్తో పట్టుకున్నది కాలేజీ ల్యాబ్‌లో ఒక్కసారి, అదీ మార్కుల కోసం. ఈ సంగతి లిఫ్టులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా పైన మూడో అంతస్తులో సూర్యారావు అంకుల్, రత్నం ఆంటీ ఉండేవారు. అమలాపురం వైపు వాళ్లు. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో టైపిస్టుగా చేరి, సెక్షన్ ఆఫీసరై, ముప్ఫై ఆరేళ్లు ఢిల్లీలో ఫైళ్లు నడిపి రిటైరయ్యారు. వాళ్లకి ఒక్కతే కూతురు లలిత. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు చక్కగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఆ లలితకి తన ఆఫీసులోనే పనిచేసే పంజాబీ అబ్బాయితో పెళ్లి కుదిరింది.

ఒక ఆదివారం పొద్దున్న అంకుల్ మా తలుపు కొట్టారు.

"ఏమ్మా శిరీషా, నీది కంప్యూటర్లకి తీగలు కలిపే ఉద్యోగం కదూ?"

"అంటే అంకుల్, అది చాలా పెద్ద సబ్జెక్టు. రూటింగ్ అనీ, స్విచింగ్ అనీ..."

"అవన్నీ సరేనమ్మా. తీగ కలుపుతావా, కలపవా?"

కలపను అనాల్సింది. అనుంటే మీకీ కథ లేదు, నాకీ తలవంపులు లేవు. కానీ వెనకాల నా రూమ్మేట్లు ఇద్దరూ చూస్తున్నారు. "చిటికెలో పని అంకుల్" అన్నాను. ఆ చిటికె సాయంత్రం దీపాలు పెట్టేదాకా సాగింది.

పైకి వెళ్లాక ఆంటీ సంగతి చెప్పింది. వాళ్లమ్మగారు పాడే పెళ్లిపాటలు, తలంబ్రాలవీ, అలక తీర్చేవీ, వియ్యాలవారిని ఆటపట్టించేవీ, మొత్తం నలభై ఒక్కటి. ఆంటీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెబుతుంటే, అంకుల్ మూడేళ్లపాటు తన పాత కంప్యూటర్లో టైపు కొట్టారు. వాటిని చిన్న పుస్తకంగా వేయించి పెళ్లిలో పంచాలని ఆవిడ కోరిక. రేపు సోమవారం పొద్దున్నే ప్రెస్‌కి ఫైలు ఇస్తేనే వచ్చే ఆదివారం పెళ్లికి పుస్తకం అందుతుంది.

"మన తెలుగు ఆడవాళ్లు ఓ ముప్ఫైమంది వస్తున్నారే. ఒక్కదానికీ రెండో చరణం రాదు. నాకే సగం సగం. చేతిలో పుస్తకం పెడితే అయినా నోళ్లు తెరుస్తారు కదా! లేకపోతే ఆ డీజేవాడి మోత తప్ప ఇంకేం వినబడదు. మా అమ్మ పాట నా పిల్ల పెళ్లిలో వినబడకపోతే ఇంకెప్పుడు వినబడుతుందే?" అంది ఆంటీ. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుని, "కూర్చో, పెసరట్లు వేస్తాను" అని లోపలికి వెళ్లింది.

సమస్య ఆ పాత కంప్యూటరుది. అద్దాలు బిగించిన వెనక బాల్కనీలో, ఇనప్పెట్టె అంత ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలు రెండూ ఎప్పుడో పోయాయి. సీడీ తలుపు తెరుచుకోదు. ఇంటర్నెట్ అన్నది దాని జాతకంలోనే లేదు. నెట్‌వర్క్ తీగ పెట్టే కన్నం ఒక్కటే, ఎవరూ ఎప్పుడూ వాడలేదు గనక, కొత్తగా మెరుస్తోంది. లలిత కొత్త ల్యాప్‌టాప్ హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఉంది. దీనిలోంచి దానిలోకి పాటలు రావాలి.

"మధ్యలో ఆ దీపాలు మినుకుమినుకుమనే డబ్బా ఏదో ఉండాలి కదమ్మా?" అన్నారు అంకుల్.

"అక్కర్లేదంకుల్. డైరెక్ట్! ఈ చివర దీనికి, ఆ చివర దానికి. అంతే."

నా దగ్గర పదిహేను మీటర్ల నీలిరంగు తీగ ఒకటి ఉండేది. ఎందుకు కొన్నానో దేవుడికే తెలియాలి. దాన్ని బాల్కనీలోంచి పడగ్గదిలోకి, పడగ్గదిలోంచి హాల్లోకి ఈడ్చుకొచ్చి, ల్యాప్‌టాప్‌కి తగిలించి, చేతులు దులుపుకున్నాను. రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి చూసి గుర్తుపట్టలేదు. పెళ్లిచూపుల్లో కూర్చున్నవాళ్లలా తలలు దించుకుని కూర్చున్నాయి.

పావుగంట. అరగంట. మూడు పెసరట్లు.

"సచ్‌ముచ్ ఆతా హై క్యా ఇస్‌కో?" అని లలిత వాళ్ల నాన్నని అడిగింది. నాకు నిజంగా వచ్చా అని.

"వస్తుందే, ఇంజనీరు" అన్నారు అంకుల్, కొంచెం తగ్గిన గొంతుతో.

చివరికి తెలిసిందేమిటంటే, ఇలా నేరుగా కలిపినప్పుడు రెండిటికీ మనమే చెరో నంబరూ ఇవ్వాలి, ఒకే వీధిలో రెండిళ్లకి రెండు డోర్ నంబర్లు ఇచ్చినట్టు. నేను వీధి సరిగ్గానే ఇచ్చాను. డోర్ నంబరు మాత్రం ఇద్దరికీ ఒకటే ఇచ్చాను! రోజూ ఆఫీసులో వందల నంబర్లు పంచే మహాతల్లిని, రెండంటే రెండు పంచలేకపోయాను. ఎవరూ చూడకుండా ఒకటిని రెండు చేశాను. వెంటనే ల్యాప్‌టాప్ తెరమీద పాత కంప్యూటర్ ఫోల్డర్లు బారుగా కనబడ్డాయి.

"వచ్చేసింది!" అని అరిచాను. ఆంటీ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. అంకుల్ బాల్కనీలోకి వెళ్లి, "ఇంక ఈ టీవీ దేనికిలే, వేడెక్కి చస్తుంది" అని పాత మానిటర్ కట్టేసి వచ్చారు. పెద్ద డబ్బా ఒక్కటే అక్కడ గురకపెడుతూ ఉంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఇక్కడిదాకా నేను చేసింది తెలివితక్కువ పని. ఇక్కణ్ణుంచి చేసింది తెలివైన పని. కొంప ముంచింది రెండోదే.

ఫోల్డర్‌లో ఒకటి, రెండు, మూడు అని అంకెల పేర్లతో నలభై ఒక్క ఫైళ్లున్నాయి. కాపీ చేసే ముందు ఒకసారి చూద్దామని, హాల్లో కూర్చునే, ఒకటో నంబరు తెరిచాను. తెరమీద ఏముంది? ఇంగ్లీషు అక్షరాలూ, టోపీలు పెట్టుకున్న అక్షరాలూ, తోకలున్న అక్షరాలూ, మధ్యలో శాతం గుర్తులూ, తలకిందులైన ప్రశ్నార్థకాలూ. ఎవరో కీబోర్డు మీద పిల్లిని పరుగెత్తించినట్టుంది. రెండోది తెరిచాను, అదే వరస. ఇరవయ్యోది, నలభయ్యోది, అన్నీ అంతే.

నా గుండె ఝల్లుమంది. ఆ ఝల్లులో కాస్త సంతోషం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే అలాంటి క్షణం కోసమే కదా నాలుగేళ్లు చదివింది! వైరస్! ఫైళ్లన్నిటినీ నమిలేసింది. పైగా నేను కలిపిన తీగలోంచే ఇప్పుడు లలిత కొత్త ల్యాప్‌టాప్‌లోకి పాకుతోంది. క్షణాల మీద పని.

"అంకుల్! మీ కంప్యూటర్లో ఏదో చెత్త చేరింది. తీసేయనా?"

పేపరు చదువుకుంటున్న అంకుల్ తల ఎత్తకుండానే, "చెత్తయితే తీసెయ్యమ్మా, అడగడమెందుకు?" అన్నారు.

ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అనుమతి తీసుకునే చేశాను.

నలభై ఒక్కటినీ ఒక్కసారిగా పట్టుకుని డిలీట్ కొట్టాను. "వీటిని శాశ్వతంగా తొలగించమంటారా?" అని తెర మర్యాదగా అడిగింది. శాశ్వతంగా, అన్న మాట నాకు చాలా నచ్చింది. వైరస్‌ని శాశ్వతంగా కాక తాత్కాలికంగా ఎవరైనా చంపుతారా? "యస్" నొక్కాను. ఫోల్డర్ కడిగిన పళ్లెంలా అయింది. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టారని సామెత చెబుతారు గానీ, వాళ్లింట్లో కనీసం ఎలకలున్నాయి.

పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పండంకుల్, అసలు పాటలు ఏ ఫోల్డర్‌లో పెట్టారు?" అన్నాను.

"అదే కదమ్మా నువ్వు తెరిచింది. ఒకటి, రెండు అని వరసగా అంకెలు వేసిపెట్టాను. నలభై ఒకటి దాకా."

ఆ పెసరట్టు ముక్క గొంతులో ఎక్కడ ఆగిందో ఇప్పటికీ చూపించగలను.

"ఏమ్మా, కనబడలేదా?"

"కన... కనబడ్డాయంకుల్. చాలా... వరసగా ఉన్నాయి. ఒక్క ఫోన్ చేసుకుని వస్తాను."

ముందువైపు బాల్కనీలోకి పరుగెత్తి, మా ఆఫీసులో నా పక్క సీటు గౌరవ్‌కి ఫోన్ చేశాను. ఢిల్లీవాడు. హాల్లో వాళ్లకి అర్థం కాకూడదని మొత్తం హిందీలో మాట్లాడాను. ఎంత ముందుచూపో చూడండి!

"గౌరవ్, సున్ యార్, బహుత్ బడీ గడ్‌బడ్ హో గయీ" అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. తీగ మీదుగా పక్క కంప్యూటర్లో చెరిపినవి చెత్తబుట్టలోకి రావు, నేరుగా పోతాయి అని వాడు చెప్పాడు.

"శాశ్వతంగా, అని అడిగిందా?" అన్నాడు.

"అడిగింది."

"నువ్వు యస్ అన్నావా?"

"అన్నాను."

"మరి పాపం, అది ఇంకేం చేయాలి?"

కాసేపు నవ్వి, ఆ పిచ్చి అక్షరాలు ఎలా ఉన్నాయని అడిగాడు. వర్ణించాను. మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. ఈసారి ఆపడానికి చాలాసేపు పట్టింది.

"అరే, అది వైరస్ కాదు. మా తాతగారు పాత హిందీ ఫాంట్‌లో కొట్టిన ఉత్తరాలూ నా ల్యాప్‌టాప్‌లో అచ్చం అలాగే కనబడతాయి. ఆ ఫాంట్ పాత కంప్యూటర్లో మాత్రమే ఉంటుంది. అక్కడ తెరిస్తే చక్కగా కనబడేది. శిరీషా, నువ్వు చెరిపింది తెలుగు!"

ఆ మాట ఇక్కడ ఒక నిమిషం ఆపుతాను. గోదావరి నీళ్లు తాగి పెరిగిన పిల్లని. నా ఎదురుగా తెలుగు పెడితే, వైరస్ అని కేకపెట్టి చంపేశాను. అది తెలుగని నాకు ఒక ఢిల్లీ కుర్రాడు చెప్పాల్సి వచ్చింది. పది అడుగులు నడిచి ఆ పాత మానిటర్ వెలిగించి చూసుంటే సరిపోయేది.

"చెరిపినవి మళ్లీ తీసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఆ పాత కంప్యూటర్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడు గౌరవ్.

ఇది వాడు చెప్పేసరికి నేను వెనక బాల్కనీకి చేరి, కంగారులో దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసేశాను. అది మూడుసార్లు కీచుమంది. ఒక నిట్టూర్పు విడిచింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా పలకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను ఆకులు కూడా కాల్చేశాను.

"నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ మార్కెట్‌కి తీసుకెళితే డిస్క్ తీసి చూస్తారు" అన్నాడు గౌరవ్.

"ఇప్పుడే వెళతా."

"ఈరోజు ఆదివారం. మార్కెట్ బంద్."

ఫోన్ పెట్టేశాను. హాల్లోంచి ఆంటీ గొంతు వినబడుతోంది, లలితతో. "బంగారం లాంటి పిల్లే. పొద్దుటినుంచి మనకోసం ఎంత కష్టపడుతోందో చూడు!" అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడేళ్ల పని. వాళ్లమ్మ పాటలు. ఆవిడ వేసిన ఐదో పెసరట్టు ఇంకా నా పళ్లెంలోనే ఉంది.

నిజం చెప్పేయాల్సింది. కానీ ఇరవై నాలుగేళ్ల బుర్ర నిజాన్ని ఎప్పుడూ ఆఖరి దారిగానే చూస్తుంది. దానికి ఇంకో ఉపాయం తట్టింది. పాటలు పోయింది కంప్యూటర్లోంచే కదా, ఆంటీలోంచి కాదు కదా! కళ్లు తుడుచుకుని, నవ్వు అతికించుకుని, లోపలికి వెళ్లాను.

"ఆంటీ, కాపీ అవుతోంది. కాస్త టైం పడుతుంది. ఈలోపు నాకు ఆ పాటలు వినాలని ఉంది. ఒక్కసారి పాడరూ?"

ఆంటీ మొహం చూడాలి! "నిజంగానా? ఈ కాలం పిల్లవి, నీకివి ఇష్టమటే?"

"ప్రాణం ఆంటీ."

"ఏ పాట పాడను?"

"ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టండి. వరసగా."

ఆంటీ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నేను నా ల్యాప్‌టాప్ తెచ్చుకుని, "మీరు పాడుతూ ఉండండి, చిన్న ఆఫీసు పని, మెయిల్ కొట్టుకుంటాను" అని, ఆవిడ పాడుతున్నది పాడుతున్నట్టు టైపు చేయడం మొదలుపెట్టాను. తెలుగు కీబోర్డు నాకెక్కడ వచ్చు? ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతిలో కొట్టాను. ఆవిడ ఒక చరణం పూర్తిచేసేసరికి నేను రెండో మాటలో ఉండేదాన్ని.

"మళ్లీ ఒకసారి ఆంటీ! అబ్బ, ఎంత బావుందో!"

పాపం, మళ్లీ పాడేది. నాలుగో పాటకి ఆవిడ నన్ను "తల్లీ" అనడం మొదలుపెట్టింది. ఆరో పాటకి లలిత ఫోన్ పక్కన పెట్టేసి వచ్చి కూర్చుంది. "మమ్మీ, యే వాలా తో మైఁనే కభీ సునా హీ నహీఁ" అంది. నాకెప్పుడూ పాడలేదేం అని. "నువ్వెప్పుడడిగావే?" అంది ఆంటీ. ఏడో పాట వియ్యపురాలి మీద.

"వడ్డించిన విస్తట్లో వంకలెన్నో ఎంచింది
వియ్యపురాలమ్మా, మా వియ్యపురాలు
గారెకేమొ చిల్లుందని గంటసేపు అలిగింది
వియ్యపురాలమ్మా, మా వియ్యపురాలు"

నవ్వుతూనే కొట్టాను. అంకుల్ నా వెనకాలే, కిటికీ పక్క కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేపరు పేజీ గంటనుంచి తిప్పలేదని నేను గమనించలేదు.

పదకొండో పాట దగ్గర ఆంటీ ఆగిపోయింది. పల్లవి రెండుసార్లు అంది. తల అడ్డంగా ఊపింది.

"రావట్లేదే. అందుకే కదా టైపు కొట్టించుకున్నది. నువ్వు ఆ కంప్యూటర్లో పదకొండో నంబరు తెరిచి ఎత్తుగడ అందించు, అందుకుంటాను."

"అది... కాపీ అవుతోంది ఆంటీ."

"రెండు గంటలైందే!"

"పెద్ద పాటలు కదా ఆంటీ."

"చూడ్డానికేం? తెరు."

"తెరిస్తే... కాపీ ఆగిపోతుంది ఆంటీ."

"ఆగితే మళ్లీ చేద్దువు గానీ. నీకు చిటికెలో పనేగా!"

నా చెమట కీబోర్డు మీద పడుతోంది. సరిగ్గా అప్పుడు పేపరు వెనకనుంచి అంకుల్ గొంతు వినబడింది.

"పదకొండోది సరే. ఏడో పాటలో రెండో చరణం ఎగరగొట్టేశావు. ముందది కొట్టమ్మా."

నా వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి. "మీకు... తెలుసా అంకుల్?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "'నలభై ఒక్క ఫైళ్లూ ఉడ్ గయీఁ, అంకుల్ ముఝే మార్ డాలేంగే', ఫైళ్లన్నీ ఎగిరిపోయాయి, అంకుల్ నన్ను చంపేస్తారు అని బాల్కనీలో అంత గట్టిగా అంటే తెలియదటమ్మా? ముప్ఫై ఆరేళ్లు హిందీలో నోట్లు రాసి బతికాను. నాకు కలలు కూడా హిందీలోనే వస్తాయి."

లలిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురు హిందీ తప్ప మాట్లాడని ఇంట్లో, ఎవరికీ అర్థం కాకూడదని హిందీలో మాట్లాడానన్న సంగతి నాకప్పుడు తలకెక్కింది.

ఆంటీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏవిటండీ? ఏం ఉడ్ గయింది?"

ఇంక దాచడానికేముంది? చెప్పేశాను. వైరస్ అనుకున్నదీ, చెరిపిందీ, కంప్యూటర్ ప్రాణం తీసిందీ, పాడించుకుంటూ దొంగతనంగా కొడుతున్నదీ, అన్నీ చెప్పి, భోరుమన్నాను.

"అంటే... నా పాటల మీద ఇష్టంతో పాడమనలేదా?" అంది ఆంటీ.

ఆ ఒక్క ప్రశ్నకి నాకు భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది. "మొదటి రెండు పాటలకి లేదు ఆంటీ. తర్వాత నుంచి నిజంగానే ఇష్టం" అన్నాను. అది నిజం.

అంకుల్ లేచి పడగ్గదిలోకి వెళ్లి బీరువా తెరిచారు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక లావుపాటి ఫైలుంది. గోధుమరంగు అట్ట, మూలన తెల్ల దారం ట్యాగు, పైన నంబరు, విషయం: పెళ్లిపాటలు. తెరిచి నా ముందు పెట్టారు. నలభై ఒక్క పాటలూ, ప్రింటు తీసినవి, ప్రతి పేజీ కిందా ఆయన పొట్టి సంతకంతో సహా!

"గవర్నమెంటులో పనిచేసినవాణ్ణమ్మా. కాపీ లేకుండా కాయితం కదిలించను. కంప్యూటర్లో ఒకటి, ఇంట్లో ఒకటి, మా బావమరిది ఇంట్లో ఒకటి."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మరి రెండు గంటలుగా నన్నలా చంపుతూ కూర్చున్నారేం అంకుల్? ముందే చెప్పచ్చుగా!"

"చెబుదామనే లేచాను. ఈలోగా మీ ఆంటీ పాట ఎత్తుకుంది. అది గొంతెత్తి పాడి ఎన్నేళ్లైందనుకున్నావు? ఆపబుద్ధి కాలేదు" అన్నారు. ఆంటీ ఆయనవైపు చూసి, వెంటనే కిటికీవైపు చూసింది.

"పోనీ ఈ కాయితాలే రేపు ప్రెస్‌కి ఇచ్చేయండి" అన్నాను, బతికిపోయానన్న ఆశతో.

అంకుల్ గొంతు సవరించుకున్నారు. అది సెక్షన్ ఆఫీసరు గొంతు. "అక్కడే ఉందమ్మా అసలు చిక్కు. ప్రెస్‌వాడు పోయిన వారమే ఫోన్లో చెప్పాడు. ఆ పాత ఫాంటు వాళ్ల దగ్గరా తెరుచుకోదట. పిచ్చి గీతలే కనబడతాయట. కాయితం చూసి కొట్టే తెలుగు టైపిస్టూ వాళ్లకి లేడు. ఎవరైనా కొత్త పద్ధతిలో మొత్తం మళ్లీ కొట్టివ్వాలి. నాకేమో కొత్త కీబోర్డు రాదు. నిన్నడుగుదామంటే, చదువుకున్న పిల్ల, ఆదివారం పూట నలభై ఒక్క పాటలు కొట్టమ్మా అని ఏ మొహంతో అడగను? అందుకని ముందు చిన్న పని, తీగ కలపమని పిలిచి, నాలుగు పెసరట్లు పెట్టి, అప్పుడు మెల్లిగా అడుగుదామని మీ ఆంటీ సలహా."

"పెసరట్లు అందుకా ఆంటీ?"

"మరీ అందుకే కాదులే" అంది ఆంటీ, నవ్వు ఆపుకుంటూ. "ఇంతకీ ఇప్పుడు అడగక్కర్లేదుగా మేము?"

అక్కర్లేదు. ఎవరూ అడగలేదు, నేనూ కాదనలేదు. నేను అనవసరంగా చెరిపినవి ఎలాగూ పనికిరాని ఫైళ్లు, నేను దొంగతనంగా చేసిందే అసలు కావలసిన పని! అంకుల్ ఫైలు పట్టుకుని పక్కన కూర్చున్నారు, తప్పులు దిద్దడానికి. ఆంటీ పాడింది, మరిచిపోయిన చోట కాయితం చూసి అందుకుంది. లలిత కాఫీలు పెట్టింది. దీపాలు పెట్టే వేళకి నలభై ఒకటీ అయ్యాయి. నా వేళ్లు మాత్రం రెండు రోజులు ముడుచుకోలేదు.

పుస్తకం వేళకి వచ్చింది. పెళ్లిలో ముప్ఫైమంది ఆడవాళ్ల చేతుల్లోనూ పెట్టాం. తెరిచారు. డీజేవాడు వేసిన ఊదారంగు దీపాల వెలుగులో ఒక్కరికీ ఒక్క అక్షరం కనబడలేదు! ఆంటీ మొహం వాడిపోయింది. అప్పుడు తెలిసింది, ఆ హాలు మొత్తంలో పుస్తకం చూడకుండా నలభై ఒక్క పాటలూ వచ్చినది నేనొక్కదాన్నేనని. ఒక్కొక్కటీ మూడేసిసార్లు విని కొట్టాక రాక ఎక్కడికి పోతాయి? లేచి నిలబడి ఏడో పాట ఎత్తుకున్నాను. "వియ్యపురాలమ్మా" దగ్గర ఆంటీ అందుకుంది. ఆ తర్వాత ముప్ఫై గొంతులూ కలిశాయి. డీజేవాడు భయపడి తన పెట్టె కట్టేశాడు.

లలిత అత్తగారు, ఢిల్లీలోనే రోహిణిలో ఉండే పంజాబీ ఆవిడ, మురిసిపోతూ అంకుల్ని అడిగింది. "భాయీ సాబ్, యే క్యా గా రహీ హైఁ?" వీళ్లేం పాడుతున్నారని.

"ఆప్‌కీ తారీఫ్" అన్నారు అంకుల్, కన్నార్పకుండా. మిమ్మల్నే పొగుడుతున్నారని.

ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నాట్యం మొదలుపెట్టింది. గారె చిల్లు చరణం మూడుసార్లు పాడించుకుంది. అంతా అర్థమవుతున్న పెళ్లికూతురు తలంబ్రాల పళ్లెం వెనక మొహం దాచుకుంది.

ఆ పుస్తకం ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. చివరి పేజీలో, ప్రెస్‌కి పంపే ముందు నాకు చూపించకుండా అంకుల్ చేర్పించిన రెండు వరసలున్నాయి. "పాటలు చెప్పినది: శ్రీమతి రత్నం. వెనకటి ప్రతిని నాశనం చేసినదీ, ఈ ప్రతిని తయారుచేసినదీ: చిరంజీవి శిరీష, నెట్‌వర్క్ ఇంజనీరు."

కాబట్టి, ముప్ఫైమంది ముత్తయిదువల సాక్షిగా, ఆ నీలిరంగు తీగ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకపై ఎవరి కంప్యూటర్లో ఎన్ని టోపీలు, తోకలు, తలకిందుల ప్రశ్నార్థకాలు కనబడినా, వైరస్ అని అరిచే ముందు, "కొంపదీసి ఇది తెలుగు కాదు కదా?" అని ఒక్కసారి అడుగుతాను. అది కూడా హిందీలో అడగను.